ఎదురొచ్చిన కబురు

మేఘాను లేపాలా వద్దా అన్న తగాదా మా ఇంట్లో అప్పటికి ఐదు రోజులుగా నడుస్తోంది.

"దాన్ని పండనియ్యి అత్తా. బడికి సెలవులిచ్చిన్రు, పిల్లకు ఇప్పుడన్నా నిద్ర వద్దా?" అన్నాను మంచం మీది నుంచే.

"పండనిస్తే యమనూరడికి ఎదురు ఎవరొస్తరు? నీ సిమెంటు కాలొస్తదా?" అంది మా అత్త భీమవ్వ.

కుడికాలికి మోకాలి దాకా కట్టు.

ఆరేళ్ల నా మనవరాలిని అత్త భుజాలు పట్టి నిలబెట్టి, చేతికి నీళ్ల చెంబు ఇచ్చి, వీధి మలుపు దాకా పంపింది. యరమరస్ కరెంటు ప్లాంటులో మొదటి షిఫ్టుకు పోవలసిన మా ఆయన యమనూరప్ప, బైకు స్టార్ట్ చేసి, పిల్ల ఎదురుగా నడిచి వచ్చేదాకా ఆగాడు. మేఘా సగం దూరం వచ్చింది. వీధి నడిమధ్యలో కూర్చుని, చెంబు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"ఎదురొచ్చిన లక్ష్మి పండుకున్నది. పక్క నుంచి పో యమనూరన్నా" అంది ఎదురింటి హనుమవ్వ, వాకిట్లో ముగ్గు వేస్తూ.

మా ఆయన నిజంగానే పక్క నుంచి పోయాడు.

గిల్లేసూగూరులో తాతల కాలం నుంచి ప్రభువును నమ్ముకున్న ఇల్లు మాది. మంచిరోజులు చూడడం మానేశాం, తాయెత్తులు మానేశాం. ఎదురు మాత్రం ఎట్లానో మిగిలిపోయింది. పనికి పోయే మగవాడికి ముత్తైదువ ఎదురు రావాలి, చేతిలో నీళ్లుండాలి. ముప్పై రెండేళ్లుగా ఆ పని నాది. శ్రమల రోజుల్లో, ఈస్టర్ ఇంకా పన్నెండు రోజులుందనగా, మామ సమాధికి సున్నం వేస్తూ గట్టు మీది నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాను. "మామ నెత్తి మీదికెక్కితే మామ ఊకుంటడా" అని అత్త దవాఖానలో నర్సుకు కూడా చెప్పి నవ్వించింది.

నేను మంచాన పడ్డాక ఇంట్లో నడిచే ఆడవాళ్లు ఇద్దరు. మామ పోయి పదకొండేళ్లయిన మా అత్త. నా కొడుకు పరశురామ్ బైకు మీద పోయి తిరిగి రాక రెండేళ్లయిన నా కోడలు నేత్ర. అందుకని ఆరేళ్ల పిల్ల. బైకు చప్పుడు మలుపు దాటేదాకా నేత్ర వంటింట్లోంచి బయటికి రాదు. రావద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తనే తెలుసుకుంది.

"నేత్ర ఉంది గద" అన్న మాట ఆ ఐదు రోజుల్లో ఎవరి నోటా రాలేదు. నా నోటా రాలేదు.

ఈస్టర్‌కు వారం ముందు, మట్టల ఆదివారం సాయంత్రం కందిలి మాట వచ్చింది.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఈస్టర్ తెల్లవారుజామున ఆడవాళ్లు మాత్రమే సమాధుల తోటకు పోతారు. మగవాళ్లు, పిల్లలు, కదలలేని ముసలివాళ్లు తలుపులు వేసుకుని ఇళ్లలో ఉంటారు. తోటలో ప్రార్థన అయ్యాక ఒకామె కందిలి పట్టుకుని ఊళ్లోకి పరుగున వస్తుంది. ముప్పై ఏడు ఇళ్లు. ఒక్కొక్క తలుపు కొట్టి "ప్రభువు లేచిండు" అంటుంది. లోపలివాళ్లు తలుపు తీసి "నిజంగ లేచిండు" అనాలి. అప్పుడు అందరూ కలిసి తోటకు బయలుదేరుతారు. ఆ కందిలి మా ఇంటిది. మా అత్త వాళ్ల అత్త పట్టింది. మా అత్త ముప్పై ఏళ్లు పట్టింది. మామ పోయిన ఏడు నా చేతికి వచ్చింది. హనుమవ్వ వాళ్లు మా సంఘం వాళ్లు కాకపోయినా ఆమె తలుపూ కొట్టాలి. మా వీధికి నల్లా నీళ్లు ఐదింటికి వస్తాయి. "మీ దేవుడు లేవంగనే నన్ను గూడ లేపు పిల్లా, బిందెలు పెట్టుకుంట" అంటుంది ప్రతి ఏడూ.

"ఈసారి చెన్నవ్వ కోడలికి ఇద్దాం" అన్నాడు మా ఆయన. చెన్నవ్వ సంఘపెద్ద భార్య.

"దానికి గొంతేది?" అంది అత్త. "తలుపు కొట్టి, ఎవరు అని అదే అడుగుతది."

"నేను పోత పెద్దవ్వా. నా గొంతు పెద్దది" అంది మేఘా.

"నువ్వు నడివీధిల పండుకుంటవ్."

అందరం నవ్వాం. ఆ నవ్వులో నేత్ర వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. చేతికి జొన్నపిండి.

"నేను పోనా, అవ్వా?" అంది.

అడిగింది మా అత్తను. మా ఆయన ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. అత్త "పప్పు మాడుతున్నట్టుంది, చూడుపో" అంది.

పప్పు ఏమీ మాడడం లేదు. నేత్ర లోపలికి పోయింది.

మరునాడు పెరట్లో కుర్చీ వేసి, నా కాలు పీట మీద పెట్టి, నేత్ర నాకు తల రుద్దుతోంది. పదిన్నరకే ఎండ గోడ మీద కొడుతోంది.

"కోపమొచ్చిందా బిడ్డా?"

"కోపం కాదత్తమ్మా." కొంచెం సేపు నీళ్లు పోసింది. "ఆయన పోయిన్నాడు వచ్చినోళ్లందరు నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పిన్రు. ఏడవకు, లేస్తడు, ఆ దినం అందరం లేస్తం అని. నేను నమ్మిన. నమ్మిన గనుకనే ఉన్న. లేస్తరన్న మాట నమ్మాల్సింది నేనంట. ఆ మాట నా నోటితోని చెప్తే కీడంట."

నా జుట్టు ఆమె చేతుల్లో ఉంది. తల తిప్పి ఆమె ముఖం చూడడానికి లేదు. అదీ మంచిదే అయింది. అంగన్‌వాడీలో పద్దెనిమిదేళ్లుగా పిల్లలకు కథలు చెప్తున్నాను, ఆదివారం బడిలో ఈ కథే ప్రతి ఏడూ చెప్తున్నాను. తెల్లవారకముందే ఆడవాళ్లు సమాధి దగ్గరికి పోయారు, రాయి పొర్లించి ఉంది, ఆ కబురు మొదట వాళ్లకే అందింది. ఆ ఆడవాళ్లు ఎవరు, ఎవరికోసం ఏడుస్తూ ఆ దారి పట్టారు అని నేను ఒక్కసారి కూడా ఆగి ఆలోచించలేదు.

"నేను మాట్లాడుత" అన్నాను. అన్నాక లోపల ఒక తొందర మొదలైంది. భయం కాదది. పెళ్లికి ముందు రోజు ఆడపిల్లకు ఉంటుందే, అట్లాంటిది.

నేను మాట చెప్తే మా ఆయన ముందు పాస్టరు దగ్గరికి పోయాడు. పాస్టరు వద్దంటాడని, వాళ్లమ్మను అడిగే పని తనకు తప్పుతుందని ఆశ. వాసుదేవ్ పాస్టరు మల్లట్ ఊరివాడు, ముప్పై దాటలేదు. బుధవారం సాయంత్రం మా ఆయన తిరిగి వచ్చి మంచినీళ్లు అడిగాడు.

"ఏమన్నడు?"

"కందిలి సంఘంది కాదంట, మన ఇంటిదంట. మీ అమ్మను అడుగుపో అన్నడు."

"ఇంకేమనలేదా?"

"అన్నడు. ఆ పొద్దు సమాధికి పోయిన ఆడోళ్లల్ల ఎవరికి మొగుడున్నడు, ఎవరికి లేడు, నాకు తెల్వదన్నా, నీకు తెలుస్తే చెప్పు అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? బండి స్టార్ట్ చేసిన."

మాట ఊళ్లోకి పాకింది. గురువారం చెన్నవ్వ నా కాలు చూడడానికని వచ్చింది. కాలు వైపు ఒక్క చూపు చూసి, "ఆనందమ్మా, నాకైతే ఏం లేదు" అని మొదలుపెట్టింది. "సోమవారం నా చిన్నకొడుకు నిశ్చితార్థం పెట్టుకున్నం, పనులున్నయని ఈసారి తోటకు గూడ పోత లేను. ముందురోజు పొద్దుగాల్నే తలుపు తీస్తే ఎదురుంగ... నువ్వే సోచాయించు. కొడితే కొట్టనియ్యి. నేనైతే తలుపు తియ్య."

అప్పుడే నేత్ర చాయ్ తెచ్చి ఆమె ముందు పెట్టింది. మాట విన్నదో లేదో ముఖంలో తెలియలేదు. చెన్నవ్వ చాయ్ మాత్రం మొత్తం తాగింది.

అత్త మూలన కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

గుడ్ ఫ్రైడే ఆరాధనకు నన్ను ఆటోలో తీసుకుపోయారు. పన్నెండు నుంచి మూడు దాకా. వచ్చాక అత్తా నేనూ చెరో గ్లాసు మజ్జిగతో ఉపవాసం విడిచాం. ఇల్లంతా నిశ్శబ్దం. అడగడానికి అంతకంటే మంచి వేళ దొరకదనుకున్నాను.

"అత్తా, మామ పోయిన ఏడు కందిలి నా చేతుల పెడితివి గద. నిన్నెవరన్న మానుకోమన్నరా?"

"ఎవరంటరు?"

"మరెందుకు మానుకుంటివి?"

"అనేదాక కూసుంటమా?" అంది. "అనకముందే లోపలికి పోతే జర మర్యాదన్న మిగులుతది."

మజ్జిగ అయిపోయింది. గ్లాసు కింద పెట్టలేదు.

"ఆ మొదటేడు లోపలి రూముల కూసొని నీ గొంతు విన్న. పదిహేనో ఇంటికాడనే ఆయాసపడ్డవ్. నేను ముప్పై ఏడిండ్లు ఒక్క ఊపుల పోతుంటి."

ఆ ఏడు ఆమె కందిలి ఇస్తే సంతోషంగా అందుకున్నాను. ఎందుకిస్తున్నావని అడగలేదు. ప్రతి ఈస్టర్ తెల్లవారుజామునా అత్త లోపలి గదిలో గోడ వైపు తిరిగి కూర్చునేది. బాగా పొద్దెక్కి, తన ముఖం ఎవరికీ మొదటి ముఖం కాదని నమ్మకం కుదిరాక బయటికి వచ్చేది. మా తలుపు నేను కొడితే తీసేది మా ఆయన. ఊరందరికీ మోసుకుపోయిన కబురు, పదకొండేళ్లలో, మా అత్తకు ముఖం చూసి ఒక్కసారీ చెప్పలేదు.

"నేత్రకు గూడ గట్లనే కావాల్నా అత్తా? దానికింకా ఇరవై ఆరు."

అత్త లేచి గ్లాసులు రెండూ తీసుకుని పెరట్లోకి పోయింది. చాలాసేపు తోమింది.

శనివారం మధ్యాహ్నం కందిలి తీసి తుడవాలి. పదకొండేళ్లుగా పట్టడం మానినా తుడవడం మాత్రం అత్త మానలేదు. చిమ్నీని బూడిదతో రుద్ది, పాత చీర ముక్కతో తుడిచి, వత్తి కత్తిరించి, కిరసనాయిలు పోసి పెట్టేది. ఈసారి రెండైంది, మూడైంది, అత్త ఆ వైపు పోలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. నాకు మంచం మీద కాలు నిలవడం లేదు. కట్టులోపల దురద, కట్టు బయట తొందర.

చివరికి నేత్రే స్టూలు వేసుకుని కందిలి దింపింది. నా వైపు చూసింది. నేను తల ఊపాను. కింద కూర్చుని చిమ్నీ రుద్దింది, కత్తెర తీసుకుంది.

"గట్ల కత్తిరిస్తరా వత్తిని?"

అత్త లేచి కూర్చుని ఉంది. ఎప్పటి నుంచి చూస్తోందో.

"ఎట్ల కత్తిరియ్యాలె అవ్వా?"

"రెండు మూలలు జర తియ్యాలె. ఒంకర ఉంటే సగం దారిల మసి పడుతది. ఇటియ్యి." అత్త కత్తెర లాక్కుంది, వత్తిని వెలుతురుకు ఎత్తి రెండు మూలలూ సన్నగా తీసింది. "నేను ఒప్పుకున్ననని కాదు. కందిలి పాడైతదని."

"సరే అవ్వా."

"చెప్పులేసుకొని ఉరకకు. ఆ బడి ఎనకాల కంకర పోసిన్రు, జారుతది."

"సరే."

"మొదటి ఇంటికాడనే గొంతంత పెట్టకు. ముప్పై ఏడిండ్లకు రావాలె."

నేను దుప్పటి నోట్లో కుక్కుకున్నాను, నవ్వు బయటికి రాకుండా.

ఆదివారం నాలుగు గంటలకు నేత్ర ఆడవాళ్లతో తోటకు పోయింది. మా ఆయన తలుపు గడియ పెట్టాడు. నేను తలుపు పక్కనే కుర్చీలో కూర్చున్నాను. మేఘా, ఇన్ని రోజులూ భుజాలు పట్టి నిలబెట్టినా నిలవని పిల్ల, ఎవరూ లేపకుండానే లేచి వచ్చి నా ఒళ్లో చేరింది. అత్త లోపలి గదిలో గోడ వైపు తిరిగి కూర్చుంది.

మొదట పడమటి వీధిలో కుక్కలు మొరిగాయి. తర్వాత ఒక తలుపు చప్పుడు. తర్వాత, సన్నగా, దారం లాగా, గొంతు.

"ప్రభువు లేచిండు."

"నిజంగ లేచిండు."

మా నేత్ర గొంతే. మేఘా ఒళ్లోంచి లేచి నిలబడింది. "అమ్మ! అవ్వా, అమ్మ చెప్తుంది."

రెండో ఇల్లు. మూడో ఇల్లు. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి, ఒక్కొక్క గడియ చప్పుడూ నాకు వినబడుతోంది. బడి మేష్టారింటి నుంచి కన్నడంలో జవాబు వచ్చింది, "నిజవాగి ఎద్దిద్దానె" అని. తొమ్మిది. పది. గొంతు పెరుగుతోంది. పదిహేనో ఇంటి దగ్గర నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాను. నేత్ర ఆయాసపడలేదు. లోపలి గదిలోంచి ఒక చిన్న 'ఊఁ' వినిపించింది.

పంతొమ్మిదో ఇల్లు చెన్నవ్వది. మాకు రెండు వీధుల అవతల.

తలుపు కొట్టిన చప్పుడు. ఆగింది. మళ్లీ కొట్టింది. ఏమీ లేదు. మా ఆయన నా ముఖం చూశాడు. నేను మేఘా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే "అవ్వా, నొస్తుంది" అంది.

మూడోసారి కొట్టింది. "చెన్నత్తా, నేను, నేత్రను. ప్రభువు లేచిండు."

చాలాసేపు అనిపించింది. అంతసేపు కాదేమో. తర్వాత కిటికీలోంచి చెన్నవ్వ గొంతు, "లేచిండు లేచిండు. నిజంగ లేచిండు" అని.

"తలుపు తియ్యలే" అన్నాడు మా ఆయన.

"జవాబు వచ్చింది గద" అన్నాను.

ఆ తర్వాత నేత్ర నడవలేదు, ఉరికింది. ఇరవై, ఇరవై ఒకటి, ముప్పై. వెనక నుంచి పాట కూడా మొదలైంది, తలుపులు తీసినవాళ్లు వీధుల్లోకి వస్తున్నారు. మా వీధి మలుపులో కందిలి వెలుగు కిటికీ అద్దం మీద ఊగింది. హనుమవ్వ కొట్టకముందే తలుపు తీసి, చంకలో బిందెతో నిలబడింది.

"చెప్పు పిల్లా, లేచిండా?"

"లేచిండు పెద్దమ్మా."

"మరి నల్లా?"

"అదింక లేవలే."

హనుమవ్వ నవ్వు మా గుమ్మం దాకా వచ్చింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి ముక్కు కారింది. ఇక మిగిలింది మా ఇల్లు. అడుగులు దగ్గరికి వచ్చాయి. తలుపు మీద మూడు దెబ్బలు. మా ఆయన గడియ మీద చెయ్యి వేశాడు.

"జరుగురా."

వెనక అత్త నిలబడి ఉంది, గోడ పట్టుకుని. మా ఆయన జరిగాడు. అత్త గడియ తీసింది, తలుపు రెండు రెక్కలూ పూర్తిగా తెరిచింది.

కందిలి వెలుగులో నేత్ర ముఖం. నుదుటి మీద చెమట, చెంపలకు అతుక్కున్న వెంట్రుకలు, కాళ్లకు దుమ్ము. తలుపు తీసింది మా అత్త అని చూసింది. అన్ని తలుపుల దగ్గర పలికిన మాట ఇక్కడ రాలేదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూస్తూ నిలబడ్డారు. ఆ రోజుకు అత్త చూసిన మొదటి ఎదురు నేత్ర.

"చెప్పు" అంది అత్త.

"ప్రభువు లేచిండు, అవ్వా."

"నిజంగ లేచిండు" అంది అత్త. తర్వాత, "మేఘా, చెంబుల నీళ్లు తే. మీ అమ్మ గొంతు ఎండింది."

మేఘా చెంబు నిండా తెచ్చింది. నేత్ర గడప మీదే కూర్చుని తాగింది.

అత్త ఆ రోజు మాతో పాటే ఆటో ఎక్కింది. తోటలో నేల మీద కూర్చుని అందరం పాడుతుండగా తూర్పున వరిమళ్ల మీద పొద్దు పొడిచింది. మామ సమాధి సగం తెలుపు, సగం నలుపు, నేను జారిన చోట సున్నం చారలు. దాని పక్కన నా కొడుకుది, నిండుగా తెల్లగా. చూస్తే కడుపులో ఎప్పటి నొప్పి అప్పటిలాగే ఉంది. అయినా ఆ పొద్దు నాకు నిలవలేనంత సంతోషం. రెండూ ఒకే గుండెలో ఎట్లా పట్టాయో చెప్పలేను. ఆ మొదటి ఈస్టర్ పొద్దున కూడా కబురు అందింది సమాధి దగ్గర ఏడుస్తున్నవాళ్లకే. కళ్లు తుడుచుకుని రండి, అప్పుడు చెప్తామని వాళ్లను ఎవరూ వెనక్కి పంపలేదు. ఆ కళ్లతోనే ఉరికారు. ఇన్నేళ్లూ నేను పిల్లలకు చెప్పింది ఆ కథే, విన్నది మాత్రం ఆ రోజే.

మధ్యాహ్నం అందరం ఒక్కచోట కూర్చుని తిన్నాం. బగారా అన్నం, పొట్టేలు కూర. నా కాలు పీట మీద. మేఘా అమ్మలాగా తలుపు కొట్టి చూపిస్తూ, చెన్నవ్వ గొంతు ఎక్కిరిస్తూ, అందరి చేతా తిట్లు తింటూ, అందరినీ నవ్విస్తూ ఉంది. నేత్ర వడ్డిస్తోంది. గొంతు బొంగురుపోయి, మాటకు బదులు గరిటె చూపిస్తోంది.

"రేపు నీది ఏ షిఫ్టు రా?" అంది అత్త, పళ్లెంలోంచి తల ఎత్తకుండా.

"మొదటిదేనమ్మా" అన్నాడు మా ఆయన.

"మేఘాను లేపకండ్రి. పిల్లను పండనియ్యండ్రి."

మా ఆయన చెయ్యి అన్నంలో ఆగింది. నా వైపు చూశాడు, మళ్లీ వాళ్లమ్మ వైపు చూశాడు.

"మరి ఎదురు?"

అత్త మూలుగ బొక్కను పళ్లెం అంచుకు కొట్టి, తీరిగ్గా పీల్చి, పక్కన పెట్టింది.

"నేత్ర ఉంది గద."